షల్ అంటే అప్పు

మన ఐటీ వాళ్ళం రోజూ చదువుతూ కూడా నోటితో దాదాపు ఎప్పుడూ పలకని ఇంగ్లీషు క్రియ ఒకటుంది. అదే షల్. "ది సిస్టమ్ షల్ డిస్‌ప్లే", "ది వెండర్ షల్ డెలివర్"... ఏ రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు తెరిచినా పేజీకి పది షల్‌లు తగులుతాయి. ఆ డాక్యుమెంటు రాసిన క్లయింటే ఫోన్లో మాట్లాడేటప్పుడు ఒక్కసారి కూడా షల్ అనడు. "యూ గైస్ నీడ్ టు" అంటాడు, "కెన్ యూ" అంటాడు, మరీ కోపమొస్తే "యూ హావ్ టు" అంటాడు. మాటల్లో చచ్చిపోయిన క్రియ కాగితం మీద మాత్రం ఇంత దర్జాగా ఎలా బతుకుతోందా అని నాకు చాన్నాళ్ళుగా అనుమానం. దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతూ పోతే చివరికి మన రాజ్యాంగంలో ఒక వాక్యం దగ్గర తేలాను. ఆ వాక్యం బడిపిల్లలకి సంబంధించింది. అక్కడికి వెళ్ళేలోపు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, ఓపిక పట్టండి.

వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఈ క్రియ రూపం షులన్. దాని అర్థం "బాకీ ఉండటం". అలంకారానికి అంటున్నది కాదు, అచ్చంగా డబ్బు బాకీయే. ఆ రోజుల్లో చేసిన బైబిలు అనువాదాల్లో ఒక మనిషి ఇంకో మనిషికి ఎంత అప్పున్నాడో చెప్పాల్సి వచ్చినప్పుడు వాడింది ఈ క్రియనే. ఇంగ్లీషుకి దాయాది భాష జర్మన్లో దీని చుట్టం షుల్ట్ అనే నామవాచకం ఈ రోజుకీ ఉంది. దానికి అప్పు అనీ అర్థమే, తప్పు అనీ అర్థమే. షుడ్ అన్నది షల్‌కి భూతకాల రూపం. ఇంకో తమాషా ఏంటంటే, "ఆట్ టు" అంటామే, ఆ ఆట్ కూడా "ఓ" అనే క్రియకి, అంటే మళ్ళీ అప్పుండటానికే, పాత భూతకాలం. ఇంగ్లీషు వాడు "ఇలా చెయ్యాలి" అని చెప్పడానికి రెండుసార్లు అప్పుల పద్దుపుస్తకమే తెరిచాడన్నమాట.

అప్పు నుంచి బాధ్యతకి రావడం పెద్ద దూరమేం కాదు. మనకీ ఆ దారి తెలిసిందే. చెల్లించడం డబ్బు మాట, "ఇలా మాట్లాడటం నీకు చెల్లదు" అన్నది నీతి మాట. రెంటిలోనూ ఉన్నది ఒకే "చెల్లు". "నేను నీకు పది నాణేలు బాకీ" అన్నది మెల్లగా "నేను నీకు పది నాణేలు ఇవ్వాల్సి ఉంది" అయింది, అక్కడినుంచి "నేను ఇస్తాను" అయింది. ఇవ్వాల్సినవాడు రేపో ఎల్లుండో ఇస్తాడు కదా, అలా బాధ్యత కాస్తా భవిష్యత్తు అయి కూర్చుంది.

ఇక షల్ పక్కన ఎప్పుడూ నిలబడే విల్ సంగతి. దాని మొదటి అర్థం "కోరుకోవడం". మన వీలునామాలో ఉన్న "వీలు" ఆ విల్లే, పోయినవాడి కోరిక అని. పాత ఇంగ్లీషులో భవిష్యత్తుకంటూ ప్రత్యేకంగా క్రియారూపం లేదు, వర్తమానంతోనే సరిపెట్టుకునేవాళ్ళు. ఇది మనకి వింతగా అనిపించక్కర్లేదు. "రోజూ కాఫీ తాగుతాను", "రేపు మీ ఇంట్లో కాఫీ తాగుతాను" - రెండుచోట్లా మనది ఒకటే "తాగుతాను". తర్వాత వాళ్ళు భవిష్యత్తుని విడిగా చెప్పాలనుకున్నప్పుడు చేతికందిన రెండు క్రియల్ని వంచుకున్నారు. ఒకటి అప్పు, ఇంకోటి కోరిక. 14వ శతాబ్దం చివర వచ్చిన విక్లిఫ్ బైబిల్లో లాటిన్ భవిష్యత్తుకి షల్, లాటిన్ "కోరు" క్రియకి విల్ వాడుతూ పోయారు. అప్పటికింకా ఆ రెంటి మధ్య గోడ గట్టిగానే ఉంది.

గోడ కూలిపోతుంటే ఎవరో ఒకరు రూలు రాయాలి కదా. రాసినాయన పేరు జాన్ వాలిస్. ఈయన వృత్తికి గణితం ప్రొఫెసరు, ఆక్స్‌ఫర్డ్‌లో. అనంతానికి మనం రాసే అడ్డం పడుకున్న ఎనిమిది గుర్తుని 1655లో ప్రవేశపెట్టింది ఈయనే. ఇంగ్లండు అంతర్యుద్ధంలో రాజు పక్షం వాళ్ళ రహస్యలిపి ఉత్తరాల్ని పార్లమెంటు కోసం విప్పి చదివిపెట్టింది కూడా ఈయనే. అంటే క్రిప్టోగ్రఫీ వాడు, మన వాడే అనుకోవచ్చు. 1653లో విదేశీయుల కోసం లాటిన్లో ఒక ఇంగ్లీషు వ్యాకరణం రాశాడు. అందులో రూలు ఇది: ఐ, వీ వస్తే షల్ అన్నది ఉత్తి భవిష్యత్తు, విల్ అన్నది మాట ఇవ్వడమో బెదిరించడమో. యూ, హీ, దే వస్తే తిరగబడుతుంది, అక్కడ విల్ ఉత్తి భవిష్యత్తు, షల్ మాట ఇవ్వడమో బెదిరించడమో. చక్కటి ట్రూత్ టేబుల్! తర్వాతి శతాబ్దపు వ్యాకరణ పండితులు దీన్ని పట్టుకుని పెంచి పోషించారు, బడుల్లో బెత్తం పట్టుకుని నేర్పించారు. ఆ బెత్తమే సముద్రం దాటి మన దగ్గరికీ వచ్చింది. 1930ల్లో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ ద్వారా మన తాతల తరం నుంచీ ఈ రూలుని బట్టీ కొట్టినవాళ్ళమే.

ఈ రూలు మీద ఒక పాత జోకు ఉంది. నీళ్ళలో పడ్డ పరాయివాడొకడు "నేను మునిగిపోతాను, నన్నెవరూ కాపాడరేమో" అనబోయి, షల్ విల్ తారుమారు చేసి "నేను మునిగే తీరతాను, ఎవడూ కాపాడ్డానికి వీల్లేదు" అన్నాడట. ఒడ్డున ఉన్న ఇంగ్లీషువాళ్ళు మర్యాదస్తులు కాబట్టి చూస్తూ నిలబడ్డారట. జోకులో ఆ పరాయివాడు ఒక్కోసారి ఐరిష్, ఒక్కోసారి స్కాట్. ఎవరిని వెక్కిరించడానికి రూలు పనికొచ్చిందో దీన్ని బట్టి తెలిసిపోతుంది. 1906లో ఫౌలర్ అన్నదమ్ములు తమ పుస్తకంలో దీనికి బోలెడు పేజీలు కేటాయించి, దక్షిణ ఇంగ్లండులో పుట్టినవాడికి ఇది దానంతటదే వస్తుంది, మిగతావాళ్ళకి నేర్చుకున్నా రావడం కష్టమే అని తేల్చేశారు. నేర్పిస్తే రాని రూలుని నేర్పించడం ఎందుకో వాళ్ళకే తెలియాలి. 1925లో ఛార్లెస్ ఫ్రైస్ అనే అమెరికన్ నాటకాల్లో పాత్రల సంభాషణలు తీసుకుని లెక్కపెట్టి చూస్తే, జనం వాలిస్ రూలుని పాటించడంలేదని తేలింది. 1942లో ఫిలిప్పీన్స్ వదిలి వచ్చిన జనరల్ మెకార్థర్ "ఐ షల్ రిటర్న్" అన్నాడు. రూలు ప్రకారం అది ఉత్తి సమాచారం. విన్నవాళ్ళలో ఒక్కరు కూడా దాన్ని సమాచారం అనుకోలేదు, శపథం అనుకున్నారు. ఎందుకంటే షల్ లోపల ఆ పాత అప్పు వాసన ఇంకా పోలేదు.

ఇలా మాట్లాడే భాషలో విల్ చేతిలో ఓడిపోయిన షల్ రెండు కోటల్లో తలదాచుకుంది. ఒకటి మనది, స్టాండర్డ్లు రాసేవాళ్ళది. రెండోది లాయర్లది.

మన కోటలో దానికి మంచి భోగమే జరిగింది. ఐఎస్‌ఓ స్టాండర్డ్లు రాసేవాళ్ళకి ఇచ్చిన నియమాల్లో షల్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే సిఫారసు, మే అంటే అనుమతి, కెన్ అంటే సాధ్యత. షల్‌కి బదులుగా మస్ట్ వాడొద్దని కూడా చెప్తారు. ఇంటర్నెట్ ప్రొటోకాల్స్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2119 మస్ట్, రిక్వైర్డ్, షల్ మూడింటికీ ఒకటే అర్థం అని కట్టేసింది. షుడ్ అంటే మాత్రం, సరైన కారణం ఉంటే వదిలెయ్యొచ్చు, కానీ వదిలేస్తే ఏమవుతుందో పూర్తిగా తెలుసుకుని వదిలెయ్యాలి అని. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 వచ్చి, పెద్దక్షరాల్లో రాస్తేనే ఈ ప్రత్యేక అర్థాలు, చిన్నక్షరాల్లో ఉంటే మామూలు ఇంగ్లీషే అని స్పష్టం చేసింది. ఈ మధ్యలో 2013 ఏప్రిల్ ఒకటిన ఆర్‌ఎఫ్‌సీ 6919 అని ఒక జోకు వచ్చింది. అందులో "మస్ట్, కానీ మీరు చెయ్యరని మాకు తెలుసు" అనే స్థాయి కూడా ఉంది. ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళెవరికైనా అది జోకులా అనిపించదు, మీటింగు మినిట్స్‌లా అనిపిస్తుంది.

లాయర్ల కోటలో కథ ఇంకోలా నడిచింది. వాళ్ళు షల్‌ని ఎక్కడపడితే అక్కడ వాడీ వాడీ అరగదీశారు. తప్పనిసరికీ అదే, భవిష్యత్తుకీ అదే, నిర్వచనానికీ అదే. 1995లో ఒక కేసులో అమెరికా సుప్రీంకోర్టు జస్టిస్ గిన్స్‌బర్గ్, చట్టాలు రాసేవాళ్ళు షల్‌ని ఒక్కోసారి "మే" అన్న అర్థంలో కూడా వాడేస్తున్నారని రాయాల్సి వచ్చింది. అందుకని అక్కడ ఫెడరల్ కోర్టుల సివిల్ నియమాల్ని 2007లో తిరగరాసినప్పుడు షల్ తీసేసి సందర్భాన్ని బట్టి మస్ట్, మే, షుడ్ పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికా 1993 తాత్కాలిక రాజ్యాంగంలో షల్ ఉండేది, 1996 అసలు రాజ్యాంగంలో ఆ చోట మస్ట్ వచ్చింది.

మన రాజ్యాంగం 1950 నాటిది కాబట్టి నిండా షల్‌లే. ఇక్కడ మొదలవుతుంది అసలు గొడవ. అప్పు అన్నాక మూడు సంగతులు ఉండాలి కదా: ఎవరు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి. వీటిలో ఏది లేకపోయినా ఆ ప్రామిసరీ నోటుతో పకోడీలు చుట్టుకోవడమే.

320వ అధికరణం ప్రకారం ఉద్యోగుల మీద క్రమశిక్షణ చర్యల్లాంటి విషయాల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ని "షల్ బి కన్సల్టెడ్". సంప్రదించాలి అని సూటిగానే ఉంది. 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి కాదు, మార్గదర్శకం మాత్రమే అంది. సంప్రదించకపోతే తీసుకున్న చర్య చెల్లదని ఆ అధికరణం ఎక్కడా చెప్పలేదన్నది చూపిన కారణాల్లో ఒకటి. ఎగ్గొడితే ఏమవుతుందో రాయని అప్పు అన్నమాట.

111వ అధికరణం ప్రకారం పార్లమెంటు పాస్ చేసిన బిల్లు వస్తే రాష్ట్రపతి ఆమోదిస్తున్నదీ లేనిదీ "షల్ డిక్లేర్". ఎప్పటిలోగా అన్నది లేదు. మన భాషలో చెప్పాలంటే టైమవుట్ లేని కాల్. 1986లో ఉత్తరాలు తెరిచి చూసే అధికారాన్ని ప్రభుత్వానికి విస్తరించే పోస్టాఫీసు సవరణ బిల్లు వచ్చినప్పుడు జైల్‌సింగ్ సంతకం పెట్టలేదు, తిప్పి పంపలేదు, ఊరికే దగ్గర పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన వెంకట్రామన్ 1990లో తిప్పి పంపారు, 2002లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. గడువు లేకపోవడం ఆసారి జనానికి మేలే చేసిందని ఒప్పుకోవాలి. అయితే ఆ మేలు ఒక మనిషి చేసింది, వాక్యం చేసింది కాదు.

ఇప్పుడు మొదట చెప్పిన బడిపిల్లల వాక్యం. 1950 నాటి 45వ అధికరణం: రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్ళలోగా పద్నాలుగేళ్ళు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం "షల్ ఎండెవర్ టు ప్రొవైడ్". ఆదేశిక సూత్రాలన్నింటిలోకీ గడువు తేదీ ఉన్నది ఇదొక్కటే. లెక్క ప్రకారం 1960 జనవరి 26. కానీ మధ్యలో ఎండెవర్ వచ్చి కూర్చుంది చూడండి. అందించాలి అనడంలేదు, అందించడానికి ప్రయత్నించాలి అంటోంది. బాకీ ఉన్నది చదువు కాదు, ప్రయత్నం.

ఇంకా లోపలికి వెళ్తే మరో సంగతి బయటపడుతుంది. ముసాయిదాలో ఈ వాక్యం ముందు ఇంకో ముక్క ఉండేది, ప్రతి పౌరుడికీ ఉచిత ప్రాథమిక విద్య పొందే హక్కు ఉందని. 1948 నవంబరు 23న రాజ్యాంగ సభలో లక్ష్మీకాంత మైత్ర ఆ ముక్క తీసేయమని సవరణ పెట్టారు. ఆదేశిక సూత్రాలు కోర్టుకెక్కి అడిగేవి కావు, వాటిలో హక్కు అన్న మాట ఇమడదు అని. అంబేద్కర్ ఒప్పుకున్నారు. తర్కం వరకూ తప్పు పట్టలేం. అదే చర్చలో, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదని అంటున్నప్పుడు ఆ వయసు దాకా వాళ్ళు బడిలో ఉండాలి కదా అని వయసు తగ్గించకుండా కాపాడిందీ అంబేద్కరే. కానీ ఆ సవరణతో జరిగిందేంటి? నోటులో అప్పిచ్చినవాడి పేరు కొట్టేశారు. ఇచ్చేవాడున్నాడు, గడువుంది, అడిగేవాడు లేడు.

1960 వచ్చింది, పోయింది. 1993 దాకా ఆ గడువు గురించి గట్టిగా అడిగే దారి దొరకలేదు. ఆ దారి మన ఊరి కేసులోంచే వచ్చింది, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. గొడవ నిజానికి ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గురించి. అందులో భాగంగా చదువు హక్కా కాదా అన్న ప్రశ్న వచ్చింది. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తన తీర్పులో, గడువున్న ఆదేశిక సూత్రం ఇదొక్కటేననీ, ఆ గడువు దాటి నాలుగు రెట్లకి మించిన కాలం అయిపోయిందనీ ఎత్తిచూపారు. పద్నాలుగేళ్ళ దాకా చదువు జీవించే హక్కులో భాగమే అని ధర్మాసనంలో మెజారిటీ తేల్చింది. వాక్యాన్ని కోర్టు సవరించలేదు, తీరని బాకీకి వడ్డీ కట్టింది అనుకోవచ్చు.

2002 డిసెంబరులో పార్లమెంటు 86వ సవరణ చేసింది. కొత్తగా 21ఏ వచ్చింది: ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య రాజ్యం "షల్ ప్రొవైడ్". ఎండెవర్ పోయింది! ఒక్క క్రియ తీసెయ్యడానికి యాభై రెండేళ్ళు. పైగా ఇది ప్రాథమిక హక్కుల్లో ఉంది కాబట్టి అడిగేవాడి పేరు నోటు మీదకి తిరిగొచ్చింది. అయితే అదే వాక్యం చివర్లో "రాజ్యం మే, బై లా, డిటర్మిన్" అని ఉంది, ఏ పద్ధతిలో అన్నది చట్టం ద్వారా నిర్ణయించొచ్చు అని. ఆ చట్టం 2009లో గానీ రాలేదు. చట్టం, సవరణ రెండూ కలిసి అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ ఒకటిన. కోడు 2002లో మెర్జ్ చేసి ఫ్లాగు 2010లో ఆన్ చేసినట్టు. 2002లో ఆరేళ్ళున్న పిల్లకి ఆ రోజుకి పద్నాలుగు దాటిపోయే వయసు. ఆ పిల్లకి బాకీ ఎవరు తీర్చారు?

ఇదంతా చదివాక షల్ మీద నా అభిప్రాయం మారింది. దాన్ని తీసేసి మస్ట్ పెట్టాలా వద్దా అన్న వాదన నాకిప్పుడు అంత ముఖ్యం అనిపించదు. మస్ట్ పెట్టినా పక్కన ఎండెవర్ ఉంటే అంతే సంగతులు. నేను చూసిన ఒక ప్రాజెక్టులో "రిపోర్ట్స్ షల్ బి జెనరేటెడ్" అన్న ఒక్క లైను మీద మూడు కాన్ఫరెన్స్ కాల్స్ నడిచాయి. ఎవరు జెనరేట్ చెయ్యాలి, ఎవరి కోసం, ఎన్ని రోజులకోసారి? వాక్యంలో ఏదీ లేదు. వ్యాకరణం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. అప్పు ఉంది, అప్పులవాడు కర్మణి ప్రయోగం వెనక దాక్కున్నాడు.

తెలుగులో మనకి ఈ పని చేసిపెట్టే మాట "వలెను". "అద్దెకు ఇల్లు కావలెను" అంటే కోరిక, "సోమవారం హాజరు కావలెను" అంటే ఆజ్ఞ. అదే అరిగి ఇప్పుడు మనం అనే "ఆలి" అయింది, "నాకు కాఫీ కావాలి", "నువ్వు రేపు రావాలి". ఇంగ్లీషు వాడు అప్పుకొకటి కోరికకొకటి రెండు క్రియలు పెట్టుకుని చివరికి రెంటినీ కలిపేసుకున్నాడు, మనం మొదట్నుంచీ ఒక్కదానితోనే నెట్టుకొస్తున్నాం. అంచేత మనం ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. "చెయ్యాలి" అని ఎవరన్నా అంటే అది అనేవాడి కోరికా, చేసేవాడి బాకీయా అని తేల్చుకోవాలి.

చివరగా ఒక్క మాట. 45వ అధికరణంలోంచి 2002లో తీసేసిన ఆ ఎండెవర్ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. ఇప్పుడు ఆ అధికరణం ఆరేళ్ళ లోపు పిల్లల గురించి మాట్లాడుతోంది. వాళ్ళ సంరక్షణ, తొలిచదువు అందించడానికి రాజ్యం "షల్ ఎండెవర్". ఈసారి గడువు కూడా రాయలేదు. నోటు చూపించి అడగలేని వయసు వాళ్ళది. మనం అడుగుతామా?